రబ్బరక్క గీసిన అత్త

రబ్బరక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. వీడియో గేములు తయారుచేసే కంపెనీ అది. అందులో ఆవిడ బొమ్మలు గీస్తుంది. గీసేదానికన్నా చెరిపేదే ఎక్కువ. కాగితం, పెన్సిలు పోయి కంప్యూటర్ పలక మీద ప్లాస్టిక్ కలంతో గీసే రోజులొచ్చినా ఆ గుణం పోలేదు. ఇప్పుడు చెరిపితే పొట్టు రాలదు. అయినా చెరిపిన ప్రతిసారీ ఆవిడ ఆ లేని పొట్టుని బల్ల మీంచి అరచేత్తో తుడుస్తూనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు అది చూసి మూతి బిగించుకుని నవ్వుకుంటారు. కొన్నాళ్లు పక్కన కూర్చుంటే వాళ్లకీ అదే అలవాటు అంటుకుంటుంది.

రబ్బరు జనం పెట్టింది. అక్క మాత్రం ఆవిడ పోట్లాడి సాధించుకున్నది. వయసు యాభై దాటింది. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి. అయినా సరే, ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ అక్కా అనే పిలవాలి. ఒకాయన ఉద్యోగంలో చేరిన రోజునే నోరు జారి, "ఆంటీ, ప్రింటర్ ఎక్కడుందండీ?" అన్నాడు. "మేడ మీద" అంది రబ్బరక్క, తల ఎత్తకుండానే. మేడ మీద నీళ్ల ట్యాంకు తప్ప ఇంకేమీ లేదు. ఆయన అన్ని మెట్లూ ఎక్కి దిగి వచ్చేసరికి ఆవిడ ఆయనకి అక్క అయిపోయింది.

అక్క అనిపించుకోవడానికి ఇంత యాగీ చేసే మనిషి, పేరు తెచ్చుకున్నది మాత్రం ఒక అత్తని గీసి.

ఆ ఆట పేరు ‘వానొస్తోంది’. రబ్బరక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చింది. కథంటూ పెద్దగా ఏమీ లేదు. మబ్బు కమ్ముకొస్తుంది, గాలి లేస్తుంది, మేడల మీద తీగలకి ఆరేసిన బట్టలు ఎగిరిపోతాయి. నెత్తిన ముడి, మోచేతుల పైదాకా మడిచిన జాకెట్టు చేతులు, చంకలో బుట్ట. ఇలా ఉన్న ఒక లావుపాటి అత్త పిట్టగోడల మీంచి దూకుతూ, చినుకు పడేలోపు ఆ చొక్కాల్నీ దుప్పట్లనీ పట్టుకోవాలి. దొరక్కపోతే బుట్ట కింద పడేసి, రెండు చేతులూ ఊపుతూ మబ్బుని తిడుతుంది. అంతే ఆట. దానికే ఆ తరం పిల్లలంతా అన్నం నీళ్లు మానేశారు.

అత్త ఆకాశంలోంచి ఊడిపడలేదు. రబ్బరక్కని పెంచిన మేనత్తే ఆవిడ. వీధిలోవాళ్ల బట్టలు సరిచేసి ఇచ్చే కుట్టుపని మేనత్తది. మేడ మీద ఆరేసినవాటిలో సగం పరాయివాళ్లవి కాబట్టి, ఆకాశం కాస్త నల్లబడితే చాలు, ఆవిడ కాళ్లకి చక్రాలు మొలిచేవి. చిన్నప్పుడు రబ్బరక్కకి ఆ పరుగు చూడడమంటే ఎంత సంబరమో చెప్పలేం. నువ్వూ వచ్చి నాలుగు పట్టుకోవచ్చుగా అని మేనత్త అంటే, చూసేవాళ్లు ఒకరుండాలిగా అనేది.

బొమ్మలు గీసేవాళ్ల బల్ల మీద ఒక చిన్న అద్దం ఉంటుంది. కోపం గీయాలంటే అందులో కోపంగా చూసుకుని, ఆ మొహాన్నే గీస్తారు. అప్పట్లో రబ్బరక్క బక్కపలచని పిల్ల. అద్దంలో ఎంత కళ్లెర్రజేసినా అత్త కనిపించేది కాదు. అందుకని సాయంత్రం ఇంటికెళ్లి, కుట్టుమిషను ముందు కూర్చున్న మేనత్తని లేపి, "ఒక్కసారి పరిగెత్తవా అత్తా" అని బతిమాలి, ఆవిడ వసారాలో అటూ ఇటూ పరిగెడుతుంటే చూసి, మర్నాడు గీసేది.

ఆట వచ్చాక మేనత్తని పట్టడం ఎవరి తరమూ కాలేదు. మందుల షాపులోనూ, బస్సులో పక్కసీటు మనిషితోనూ, అడిగినా అడగకపోయినా "ఆ అత్త నేనే" అని చెప్పేది. ఎనభై నిండిన ఇప్పటికీ చెబుతూనే ఉంది. మొన్నీమధ్య కళ్ల డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటే, ముందు ఈ సంగతి చెప్పి, తర్వాతే అక్షరాల జోలికి వెళ్లింది.

కాలం ఊరుకుంటుందా, ఆట పాతబడింది. ఆడిన పిల్లలు పెద్దవాళ్లయి ఉద్యోగాల్లో పడ్డారు. వాళ్లలో ఒకడు సరిగ్గా వచ్చి ఈ కంపెనీలోనే పడ్డాడు. రబ్బరక్క చేతికింద గీతలు నేర్చుకుని, ఇప్పుడు డిజైన్‌కంతటికీ హెడ్డయ్యాడు. అందరూ హెడ్డుగారంటారు. ఆవిడొక్కతే ఒరే అనబోయి, నాలుక కరుచుకుని, బాబూ అంటుంది. అత్తని కొత్త పిల్లల కోసం మళ్లీ తీసుకురావాలని పైవాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఒప్పించింది ఆయనే. ఒప్పించే సందట్లో ఆయన కూడా ఒకటి ఒప్పుకుని వచ్చాడు. కొత్త అత్త పాత అత్తలా ఉండకూడదు.

మీటింగులో ఆయన తెర మీద ఒక బొమ్మ వేశాడు. సన్నగా, పొడుగ్గా ఒక అమ్మాయి. చెవులకి హెడ్‌ఫోన్లు, గాలికెగిరే జుట్టు, అడుగేస్తే వెలుగులు చిమ్మే బూట్లు.

"ఎవరు బాబూ ఈ అమ్మాయి?" అంది రబ్బరక్క.

"అత్తే. కాకపోతే అక్క."

"ఏదో ఒకటి తేల్చి చెప్పు."

"ఇప్పటి పిల్లలకి అత్తంటే ఎవరక్కా? ఇంటికొచ్చి బుగ్గ గిల్లి, మార్కులెన్నొచ్చాయని అడిగే మనిషి. అలాంటి మనిషితో ఎవరాడతారు చెప్పండి. అక్క అనుకోండి, జట్టులో మనిషిలా ఉంటుంది."

"నువ్వాడావుగా."

"నేనాడాను. మా పాపకి చూపిస్తే, ఈవిడెందుకలా పరిగెడుతోంది, మెషిన్లో ఆరేసుకోవచ్చుగా అంది."

అందరూ నవ్వారు. రబ్బరక్కకీ నవ్వొచ్చింది కానీ మింగేసింది. "అక్క బట్టల కోసం పరిగెత్తదు బాబూ. అమ్మా, వానొస్తోందీ అని ఒక కేక పెట్టి మళ్లీ ఫోన్లో పడుతుంది. పరిగెత్తేది అత్తే."

హెడ్డుగారు గెడ్డం గోక్కుని, మెల్లిగా అన్నాడు. "బొమ్మని అక్క అంటే మీరొప్పుకోరు. మిమ్మల్ని అత్త అంటే అసలే ఒప్పుకోరు. ఇదేం న్యాయమక్కా?"

రబ్బరక్క బల్ల మీద లేని పొట్టుని గట్టిగా తుడిచింది.

చివరికి ఒక రాజీ కుదిరింది. ఆవిడ తన అత్తని తను గీసుకోవచ్చు, కానీ కొత్తగా గీయాలి. రెండు బొమ్మల్నీ పిల్లల చేత ఆడిస్తారు. వాళ్లు ఎవరి వెంట పడితే వాళ్లే ఆటలో ఉంటారు. పిల్లలకి నచ్చకపోతే మాత్రం అత్త అనే మనిషి ఇంక ఉండదు, పేరుతో సహా పోతుంది. హెడ్డుగారు ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. ఆయన కూడా చిన్నప్పుడు ఆ అత్తతోపాటు ఎన్నో గోడలు దూకినవాడే.

రబ్బరక్క మొదట తెలివితక్కువ పని చేసింది. పాత అత్తనే అచ్చుగుద్దినట్టు మళ్లీ గీసి, కాస్త నునుపు చేసి ఇచ్చింది. ఆఫీసులో బొమ్మలకి కదలికలు నేర్పే అమ్మాయి ఒకతె ఉంది, అందరూ నడకలమ్మాయి అంటారు. ఆ పిల్ల బొమ్మని నడిపించి చూసి, మొహమాటపడుతూనే చెప్పింది.

"బాగుందక్కా. కానీ ఈవిడకి బరువు లేదు. బుడగ ఎగిరినట్టు ఎగురుతోంది."

నిజమే. పాత తెర మీద అత్త అంటే గుప్పెడు చుక్కలు, మిగతాది ఆడేవాళ్లే ఊహించుకునేవారు. ఇప్పుడలా కుదరదు. దూకితే మోకాలు ఎలా వంగుతుందో, బుట్ట బరువుకి నడుం ఎటు ఒరుగుతుందో, దిగాక ఊపిరి ఎలా అందుకుంటుందో అన్నీ కనపడాలి. పోనీ మళ్లీ మేనత్తని పరిగెత్తించి చూద్దామా అంటే, ఆవిడిప్పుడు మంచం మీంచి కుర్చీలోకి రావడానికే ఇద్దర్ని తిడుతుంది.

ఇంక జ్ఞాపకం మీద ఆధారపడక తప్పలేదు. చిత్రంగా, ఈసారి పని చకచకా సాగింది. అద్దంలోకి ఒక చూపు చూడడం, పలక మీద గీత గీయడం. చెరపడం కూడా తగ్గిపోయింది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి పైనుంచి చూసే చూపు, ఒక చంకలో బుట్ట, రెండో చెయ్యి నడుం మీద, కాస్త పక్కకి వాలిన తల. మబ్బు మీద కోపమొస్తే ఈ అత్త అరవదు. అలా నిలబడి చూస్తుంది, మబ్బుకే సిగ్గేయాలి. మేనత్త తనకి ఇంత బాగా గుర్తుండిపోయిందా అని రబ్బరక్కకి తన మీద తనకే ముచ్చటేసింది. అక్కడే పప్పులో కాలేసింది. ఆ సంగతి తెలియడానికి ఇంకా టైముంది కాబట్టి, ఆ నాలుగు రోజులూ హాయిగా కూనిరాగాలు తీసుకుంది.

నడకలమ్మాయి కొత్త అత్తని నీడ పరీక్షకి పెట్టింది. అంటే, బొమ్మనంతా నలుపుతో నింపేస్తారు. కళ్లూ ముక్కూ లేకుండా ఆ నల్లటి ఆకారం చూసినా ఫలానా మనిషని తెలియాలి. హెడ్డుగారి అక్క ఆ పరీక్షలో ఎవరో పరిగెత్తే అమ్మాయిలా మిగిలింది. అత్త మాత్రం అత్తలాగే నిలబడింది. ఇద్దరూ చేతులు చరుచుకున్నారు.

ఆ సాయంత్రం రబ్బరక్క బొమ్మని ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లి, గర్వంగా మేనత్త ఒళ్లో పెట్టింది. మేనత్త కళ్లజోడు తుడుచుకుని, దగ్గరగా చూసి, దూరంగా చూసి, "ఎవరే ఈవిడ?" అంది.

"నువ్వే అత్తా."

"నేనా? నేనెప్పుడైనా నడుం మీద చెయ్యేసుకుని తిట్టానుటే? తిట్టడానికి నాకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఈవిడ అసలు నోరే తెరవట్లేదు. మూగమనిషా?"

"కొత్తగా ఉండాలన్నారు అత్తా. అందుకని..."

"కొత్తగా ఉంటే ఉండనీ. నేనైతే కాదు. ఎక్కడో చూసినట్టు మాత్రం ఉంది." మేనత్త బొమ్మని తిరిగిచ్చేసి, కుర్చీలో వెనక్కి వాలింది.  

 ఎవర్ని తలుచుకుని గీసిందో ఆవిడే ఆనవాలు పట్టకపోతే, ముక్కూ మొహం తెలియని పిల్లలేం పడతారు? మర్నాడు ఆఫీసుకెళ్తూనే రబ్బరక్క మొత్తం చెరిపేస్తానని కూర్చుంది. నడకలమ్మాయి పలక లాక్కుని గుండెకి హత్తుకుంది. "రేపే పరీక్షక్కా. చంపేసినా ఇవ్వను" అంది.

పిల్లలతో ఆడించే గది కింది అంతస్తులో ఉంటుంది. పక్కనే సామాన్ల గది. రెండింటికీ మధ్య గోడలో పైనుంచి కిందిదాకా గరుకు గాజు ఉంటుంది, వెలుతురు వస్తుంది కానీ మనుషులు సరిగా కనపడరు. గీసినవాళ్లు పిల్లల ముందు ఉండకూడదన్నది నియమం, వాళ్ల మొహాలు చూసి పిల్లలు మొహమాటపడతారట. హెడ్డుగారు తనూ లోపలికి పోకుండా వరండాలో నిలబడ్డాడు. రబ్బరక్క సామాన్ల గదిలో తిష్ట వేసింది.

ముందు హెడ్డుగారి అక్క బొమ్మని ఆడించారు. గాజుకి చెవి ఆనించిన రబ్బరక్కకి పిల్లల కబుర్లు వినిపించాయి. బూట్లు అదిరాయి అన్నారు. వెలుగులు భలే ఉన్నాయి అన్నారు. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. తర్వాత అత్త వంతు వచ్చింది. ఒక్కసారిగా గదంతా నిశ్శబ్దం. మాటా లేదు, నవ్వూ లేదు. అయిపోయింది, నిద్రపోయుంటారు అనుకుంది రబ్బరక్క.

సరిగ్గా అప్పుడే మంచినీళ్ల డబ్బాలు తెచ్చే మనిషి వచ్చాడు. వస్తూనే కారుతున్న డబ్బాని తీసుకెళ్లి ప్రింటర్ కాగితాల కట్టల మీద నింపాదిగా పెట్టాడు. రబ్బరక్క ఒక్క ఉదుటున లేచింది. గబగబా వెళ్లి కాగితాల కట్ట ఎత్తి చంకలో ఇరికించుకుని, వెనక్కి తిరిగి, రెండో చెయ్యి నడుం మీద వేసి, కళ్లజోడు పైనుంచి అతన్ని చూసింది. నోరు తెరవలేదు. అతను గతుక్కుమని, డబ్బాని తన పాదాల మీద పెట్టుకున్నంత పని చేశాడు. ఆవిడ వెనక కిటికీలోంచి పొద్దుటి ఎండ నిలువునా పడుతోంది. గాజు మీద ఆవిడ నీడ నల్లగా, మనిషంత ఎత్తున పడింది.

గాజుకి అవతల ఒక పిల్ల గొంతు వినిపించింది. "అదుగో, అత్త."

"ఏదీ?"

"అదుగోరా, బుట్టతో. ఎవర్నో చూస్తోంది."

కుర్చీలు జరిగాయి. అరచేతులు ఒక్కటొక్కటిగా వచ్చి గాజుకి అతుక్కున్నాయి. తలుపు తోసుకుని పిల్లలు బిలబిలా సామాన్ల గదిలోకి వచ్చేశారు. ముందు నిలబడ్డ పిల్ల ఆవిడని కిందినుంచి పైదాకా చూసి, "అత్త వచ్చింది" అని తీర్పు చెప్పింది.

రబ్బరక్క ఏం చేసిందనుకుంటున్నారు. కంగారుగా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. మంచం దిగడానికే ఆపసోపాలు పడే మేనత్త ఇంత దూరం ఎవరితో వచ్చిందా అని నిజంగానే భయపడింది. గుమ్మంలో మేనత్త లేదు. వరండాలోంచి తొంగిచూస్తున్న హెడ్డుగారు మాత్రం ఉన్నాడు. ఆయన ముందు ఆవిడ చేతినీ, నడుమునీ, చంకలో కట్టనీ చూశాడు. తర్వాత అవతలి గదిలో తెర మీద అదే పోజులో నిలబడి ఉన్న అత్తని చూశాడు. 

అప్పుడు తెలిసింది రబ్బరక్కకి. బల్ల మీది అద్దం గుర్తొచ్చింది. మేనత్తని తలుచుకుంటున్నానని చెప్పుకుంటూ, ఇన్ని రోజులూ తను చూసి గీసింది ఎవర్నో అర్థమైంది.  సిగ్గేసిందో, సంతోషమేసిందో ఆవిడకే తేలలేదు. రెండూ వేసే ఉంటాయి.

"నువ్వు అత్తవే కదా?" అంది ఆ పిల్ల, ఎందుకైనా మంచిదని.

ఇన్నేళ్లలో ఆ మాటన్నవాళ్లని ఆవిడ మేడ మీద నీళ్ల ట్యాంకు దగ్గరికి పంపింది. ఇప్పుడు మాత్రం, "అవును, అత్తనే" అంది. అని, చాలా తేలిగ్గా ఉందే అనుకుంది.

"మరి బట్టలేవీ?"

"వాన ఇంకా రాలేదుగా."

అది పిల్లలకి సబబుగానే తోచింది. మళ్లీ పొలోమని గదిలోకి పరిగెత్తి, ఇప్పుడు నా వంతంటే నా వంతని కొట్టుకున్నారు. ఇందాకటి నిశ్శబ్దం ఎందుకో అప్పుడు తెలిసింది. చినుకు పడేలోపు పిట్టగోడ దాటించడానికి అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారట. పోయేటప్పుడు వాళ్లు ఒక్కటే అడిగారు. ఆ అక్క బూట్లు తీసి అత్తకి వెయ్యమన్నారు. రబ్బరక్క ఒక్క క్షణం బిగుసుకుంది. లావుపాటి అత్త కాళ్లకి వెలుగులు చిమ్మే బూట్లు తలుచుకుంది. ఫక్కున నవ్వేసి సరేనంది. హెడ్డుగారి మొహం చేటంతైంది. "బూట్లు నావే అక్కా" అని ఆఫీసంతా చెప్పుకు తిరిగాడు. అక్క అన్నాడే కానీ, ఆవిడ ఈసారి ఆ మాట పట్టించుకోలేదు.

సాయంత్రం ఆట ఉన్న లాప్‌టాప్‌నీ, ఆడే మీటల పెట్టెనీ ఆయన దగ్గరుండి ఆవిడ సంచీలో పెట్టాడు, పెద్దావిడకి చూపించమని. రబ్బరక్క ఇంటికి వెళ్లింది. దారి పొడుగునా నవ్వుకుంటూ వెళ్లిందే కానీ, మెట్ల దగ్గరికి వచ్చేసరికి సంచీ దించి నిలబడిపోయింది. ఈ కబురులో మేనత్త వాటా ఏమిటో అప్పుడు తట్టింది. లోపలికెళ్లి, జరిగింది జరిగినట్టు మేనత్తకి చెప్పింది. నీళ్ల డబ్బా, నీడ, పిల్లలు, అద్దం, ఏదీ దాచలేదు.

మేనత్త అంతా విని, తెర మీది బొమ్మని చాలాసేపు చూసింది. "అనుకున్నాను, ఎక్కడో చూశానని. పొద్దున్నే కాఫీ ఆలస్యమైందంటే నువ్వు నన్ను చూసే చూపేగా ఇది" అంది. గొంతు తగ్గించి, "అయితే నన్ను తీసేశావన్నమాట" అంది.

రబ్బరక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "తెలిసి చెయ్యలేదత్తా. నువ్వే అనుకుని గీశాను, ఒట్టు. కావాలంటే మళ్లీ..."

"ఊరుకో. మళ్లీ లేదు, గిళ్లీ లేదు. ఎన్నేళ్లని పరిగెత్తను? నేను మేడెక్కి ఎంత కాలమైంది. ఆ ఆటలోనన్నా ఇంకా గోడలు దూకుతున్నానుకదా అని ఇన్నాళ్లూ మంచి హుషారుగా ఉండేది, అది నిజమే. అయినా చిన్నప్పుడు నువ్వు కిటికీలో కూర్చుని చప్పట్లు కొట్టేదానివి, నేను రొప్పుతూ బట్టలు మోసేదాన్ని. ఇప్పుడు నేను కూర్చుంటాను. ఏది, ఆ పెట్టె ఇలా తే."

రబ్బరక్క మీటల పెట్టె ఆవిడ చేతుల్లో పెట్టి, ఏ మీట నొక్కితే ఏమవుతుందో చూపించింది. సూది దారం పట్టిన వేళ్లు, ఇట్టే పట్టేశాయి. తెర మీద మబ్బు కమ్మింది. తీగల మీద దుప్పట్లు లేచాయి. లావుపాటి అత్త బుట్ట సర్దుకుని పరుగందుకుంది. మేనత్త కుర్చీ అంచుకి జరిగి, కాలితో నేలని తన్నుతూ, "ఎగరవే. గోడ కనపడ్డం లేదూ? ఎగురు. ఆ చొక్కా, ఆ చొక్కా పోతోంది, మొద్దూ" అని కోప్పడింది. చొక్కా దొరికింది. ఆవిడ విరగబడి నవ్వి, పక్కన నిలబడ్డ మేనకోడలి వైపు తిరిగింది.

"ఎంత చెప్పినా ఒక్క మాట వినేదానివి కాదు. ఇన్నాళ్లకి నా చెప్పుచేతల్లోకి వచ్చావే" అని, మళ్లీ ఎగిరించింది.